కిటికీ కింద తవుడు

భూసార పరీక్షా కేంద్రంలో అతన్ని అందరూ జల్లెడాయన అంటారు. ఎదురుగా అన్నా, వెనకాల అన్నా అదే మాట. అతను దాన్ని బిరుదు కింద లెక్కేసుకున్నాడే తప్ప ఏనాడూ నొచ్చుకోలేదు. పొలాల నుంచి గుడ్డ సంచుల్లో వచ్చే మట్టిని ఆరబెట్టి, గడ్డలు చిదిపి, జల్లించి, పై అంతస్తులో ఉన్న యంత్రాలకు పంపడం అతని పని. ఆ పనిలో తనను మించినవాడు లేడని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్పని చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు, ఎందుకంటే ఆ పని చేసేవాడు అక్కడ అతనొక్కడే.

కింది అంతస్తులో వసారా చివరి గది అతనిది. ఒక కిటికీ, ఒక పొడవాటి బల్ల, రెండు జల్లెళ్లు, గడ్డలు నలపడానికి నున్నటి చెక్క రూళ్లకర్ర, వేళ్లు ఏరడానికి పట్టకారు, మూల ఒక టేబుల్ ఫ్యాను. గది గోడ మీద అట్టముక్కకి అంటించిన నియమాలు ఉన్నాయి. మట్టిని నీడనే ఆరబెట్టాలి. సగం తీసి సీసాలో పోసి మూత బిగించి సామాన్ల గదిలో దాచాలి, దాన్ని ముట్టుకోకూడదు. మిగతా సగంలో రాళ్లు, వేళ్లు ఏరేసి జల్లించాలి. జల్లెడ దిగిన మట్టిని పైకి పంపాలి. అక్కడితో నియమాలు అయిపోయాయి. జల్లెడాయన పని మాత్రం అక్కడితో అయిపోయేది కాదు.

ఆరేళ్ల కిందట, ఇప్పటి పరీక్షలు మొదలైన మొదటి ఏడాది, పై అంతస్తు ఆఫీసరు డాక్టరమ్మ అతను పంపిన మట్టిలో వెంట్రుకంత వేరు ముక్క చూసి, కనుబొమ్మలు ముడిచి, "ఇదేంటి?" అంది. అంతే, ఆ ఒక్క మాట. అన్నావిడ మర్నాటికే మర్చిపోయింది. విన్నవాడు మాత్రం మనసులో గట్టిగా పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి జల్లించిన మట్టిని వెడల్పాటి పళ్లెంలో పోసి, తలుపు వేసుకుని, ఫ్యాను సన్నగా తిప్పి, బియ్యం చెరిగినట్టు చెరగడం మొదలుపెట్టాడు. తేలికపాటి నలుసులన్నీ ఎగిరి కిటికీ వైపు పోయేవి. గట్టు మీద మిగిలిన నలుసుల్ని కుంచెతో ఊడ్చి కిటికీలోంచి బయటికి తోసేసేవాడు. దానికి అతను పెట్టిన పేరు తవుడు. తవుడు పోయాక మట్టి కడిగిన ముత్యంలా ఉండేది. అది చూసుకుని అతను పడే మురిపెం అంతా ఇంతా కాదు.

ఇంట్లో అతని భార్య మాత్రం ఈ అతిశుభ్రం ఎరిగిన మనిషి. బియ్యం ఏరమంటే నూకలతో పాటు సగం బియ్యం కూడా అనుమానం మీద పక్కకి పెట్టేస్తాడని, పెళ్లయిన కొత్తలోనే అతని చేతిలోంచి చేట లాక్కుంది. మళ్లీ ఇవ్వలేదు.

డాక్టరమ్మ మట్టి డాక్టరు. గేటు మీద బోర్డులో డాక్టర్ అని చూసి, దగ్గొచ్చిందనీ నడుం పట్టేసిందనీ వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మట్టికి ఏదన్నా అయితే రండి అని ఆవిడ ఓపిగ్గా పంపించేస్తుంది. ఆవిడకి ఉన్నది ఒకటే యావ. నేల మీద ఆకులూ గడ్డీ కొమ్మల ముక్కలూ మందంగా కప్పితే అవి కుళ్లుతాయి. కుళ్లేటప్పుడు వాటిలోని కర్బనం కొంత గాల్లో కలిసిపోతుంది, కొంత మట్టిలో నిలబడుతుంది. ఏ నేలలో ఎంత నిలబడుతుందన్నది తేల్చాలి. అందుకని ఆరేళ్లుగా మూడు చోట్ల మళ్లు కట్టించింది. కేంద్రం వెనకాల నల్ల బంకమట్టిలో ఒకటి, ఊరి మొక్కల తోటలో ఎర్ర నేలలో ఒకటి, ఏటి ఒడ్డున ఇసుక నేలలో ఒకటి. ప్రతిచోటా ఆకు కప్పిన మడి పక్కనే కప్పని మడి కూడా ఉంటుంది, రెండింటికీ తేడా చూడాలి కదా. కప్పడానికి ఆకు ఊరి పార్కుల నుంచి లారీల్లో వస్తుంది.

ఆ ఇసుక నేల జల్లెడాయన వదినది.

అన్న పోయి చాలాకాలమైంది. పోకముందు ఆ ఇసుకలో సరుగుడు మొక్కలు వరసగా నాటి, ఇక్కడ నేను సొరకాయలు కాయిస్తానంటే ఊరంతా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. అన్న ఎవరి మాటా చెవిన వేసుకోకుండా, రాలిన సరుగుడాకును గంపలతో ఎత్తి ఇసుక మీద పరిచేవాడు. అతను పోయాక వదిన ఆ గంప అందుకుంది. ముక్కు మీద కోపం ఉన్న మనిషి, కానీ ఆ కోపంలో ఎవరికీ అన్నం పెట్టకుండా పంపలేదు. ఊరి నుంచి ఆకు లారీ రావడం మొదలయ్యాక పొలమంతా కప్పింది. గాలికి ఆకు ఎగిరిపోకుండా పైన సరుగుడాకు పరిచింది, పరీక్ష మడితో సహా. డాక్టరమ్మ చూసి సరేనంది. సొరకాయలు కాశాయి, దోసకాయలు కాశాయి, పోయినేడు మిరప కూడా నిలబడింది.

ఇప్పుడొచ్చిన చిక్కు ఏమిటంటే, లారీలు తగ్గిపోయాయి. ఉన్న లారీలు ఏ నేలకి వెళ్లాలో ఊరి కమిటీ తేల్చబోతోంది, అదీ డాక్టరమ్మ నివేదిక చూసి. లారీ రాకపోతే వదినకు అంత పొలం కప్పడం ఒంటి చేత్తో అయ్యే పని కాదు. ఇసుక తవ్వే కాంట్రాక్టరు ఒకడు ఎప్పటి నుంచో ఆ పొలం చుట్టూ తిరుగుతున్నాడు. పక్క రెండు పొలాలు అప్పటికే గోతులైపోయాయి. తవ్వినవాడు నేల తిరిగివ్వడు, గొయ్యి ఇస్తాడు. ఇది జల్లెడాయనకు తెలుసు, వదినకు ఇంకా బాగా తెలుసు.

ఇలా ఉండగా ఒక ఉదయం డాక్టరమ్మ అతన్ని పైకి పిలిపించి కూర్చోమంది. కూర్చోమన్నప్పుడే ఏదో తేడా ఉందని అతనికి అర్థమైంది. ఆ గదిలో అతన్ని ఎవరూ కూర్చోమనరు, సంచి ఇచ్చి వెళ్లమంటారు. తెర మీద మూడు గీతలు చూపించి, పైకి పోయేది నల్ల నేలదని, దాని కింద కాస్త నిదానంగా లేచేది ఎర్ర నేలదని చెప్పింది. మూడోది నేల మీద పడుకున్న పాములా కదలకుండా ఉంది.

"ఇసుకలో ఏమీ నిలబడలేదండీ," అంది డాక్టరమ్మ. "కప్పిన మడీ కప్పని మడీ ఒకటే. మీ వదినగారికి ఎలా చెప్పాలో తెలియక మిమ్మల్ని పిలిచాను."

మళ్లీ ఒకసారి చూడమని అడుగుదామనుకున్నాడు. కానీ ఏ ముఖంతో అడుగుతాడు? ఆ మట్టిని తన చేత్తోనే శుభ్రం చేశాడు. అంత శుభ్రమైన మట్టి ఇచ్చాక లెక్క తప్పడానికి తావెక్కడుంది? తానే చెబుతానని ఒప్పుకుని, మెట్లు దిగి గదిలోకి వచ్చి, ఎందుకో తెలియకుండానే జల్లెడ తుడుస్తూ కూర్చున్నాడు.

ఆదివారం ఏటి ఒడ్డుకి వెళ్లాడు. వదిన మిరప మళ్లలో కలుపు తీస్తోంది. కాళ్లు కడుక్కోమంది, మజ్జిగ ఇచ్చింది, భార్య మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగింది. అతను గ్లాసు ఖాళీ చేసి, అటు తిప్పి ఇటు తిప్పి చివరికి విషయం బయటపెట్టాడు. వదిన కొడవలి కింద పెట్టింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. లేచి వెళ్లి ఆకు కప్పు పక్కకి లాగి, కింద మట్టి గుప్పిట్లోకి తీసుకుని, పిసికి, అతని అరచేతిలో పెట్టింది. ఒకప్పుడు ఆ ఇసుక వేళ్ల సందుల్లోంచి నీళ్లలా జారిపోయేది. ఇప్పుడు పిడికిలి ఆకారం అలాగే నిలిచింది, కాస్త నల్లగా, తడిగా, వాన పడ్డ వాసనతో.

"ఇందులో ఏమీ లేదంటావా?" అంది.

తడి వేరు, కర్బనం వేరని అతను చెప్పబోయాడు. రంగు చూసి తేల్చే సంగతి కాదన్నాడు. యంత్రానికి నీ మీద కోపమూ లేదు, నా మీద ప్రేమా లేదు అన్నాడు. అంటుంటేనే తన మాటలు తనకే పరాయివిగా వినిపించాయి.

"మీ అన్న ఈ నేలలో ఒళ్లు అరగదీసుకున్నాడు. ఏమీ మిగల్లేదని నువ్వొచ్చి చెబుతున్నావు. సరే మరిదిగారూ, ఆ యంత్రాన్ని నేనే అడుగుతాను."

వదిన మరిదిగారూ అందంటే ముదిరిందన్నమాట. మామూలుగా అయితే నువ్వు, నీ మొహం, అంతే. కాంట్రాక్టరు మళ్లీ వచ్చాడా అని వెళ్లేముందు అడిగాడు. వచ్చాడంది. కమిటీ ఏం తేలుస్తుందో చూసి చెబుతానన్నానంది. అతను బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడవునా ఆ రెండు గోతులనే తలుచుకున్నాడు.

అన్నంత పనీ చేసింది. సోమవారం పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, చేతిలో ఒక సొరకాయ పట్టుకుని కేంద్రం గేటు ముందు దిగింది. ఆ కాయ సాక్ష్యమో, కానుకో, ఆయుధమో కాపలా మనిషికి అర్థం కాక లోపలికి వదిలేశాడు. డాక్టరమ్మ ఫోన్లో ఉంది, కాసేపు ఆగమని కబురు పంపింది. వదినకు ఆగడం చేతకాదు. జల్లెడాయన గది చూసింది. పట్టకారు, కుంచె, ఫ్యాను, గీత గీసినట్టు సర్దిన సంచులు చూసి, "ఇది గదా, పెళ్లికూతురి పెట్టా?" అని ఒక చురక వేసింది. అతను కాస్త పొంగిపోయాడు కూడా. తర్వాత గదిలో ఉక్కగా ఉందని ఆవిడ వెనక వైపు నీడకి వెళ్లింది.

కొంచెంసేపటికి కిటికీ బయట ఆవిడ తల కనిపించింది.

"ఈ టమాటాలు ఎవరు వేశారు?"

ఎవరూ వెయ్యలేదని అతను చెప్పాడు. ఆ కిటికీ కింద తమంతట తామే మొలిచిన టమాటా మొక్కలు ఏటేటా పెరుగుతున్నాయి. నీళ్లు పోసే దిక్కు లేకపోయినా, నడుం ఎత్తు లేచి గుత్తులు గుత్తులుగా కాస్తాయి. కేంద్రంలో అందరూ కోసుకుపోతారు. తన గది చలవ అని అతను కూడా సరదాగా గొప్పలు పోయేవాడు.

వదిన ఇంకేమీ అనకుండా వంగింది. మొక్కల మొదట్లో మెత్తగా పోగుపడిన దాంట్లోకి చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, కిటికీ గట్టు మీద పరిచింది. వేలితో కదిపి ఒక పుల్ల లాంటిది పట్టుకుంది. గోరంత పొడవు, గోధుమరంగు, కణుపు కణుపుగా గీతలు.

"ఇది నా సరుగుడాకు కదూ," అంది. కోపంగా కాదు, నిజంగా ఆశ్చర్యపోయి. "మా పొలంలో తప్ప మీ మళ్లలో ఎక్కడా సరుగుడు లేదుగా. ఇదిక్కడికి ఎలా వచ్చింది?"

"అది తవుడు వదినా," అన్నాడు అతను. "చెరిగితే వచ్చిన..."

మాట అక్కడే ఆగిపోయింది. 

గట్టు మీద పరిచిన ఆ గుప్పెడు వంక చూశాడు. సగం కుళ్లిన ఆకు నలుసులు, పొడిపొడిగా అయిన పుల్లలు, వేలితో నలిపితే నల్లటి మరక అయ్యే చూర్ణం. నల్ల నేల సంచి చెరిగితే చిటికెడు తవుడు వచ్చేది. ఎర్ర నేలకు ఇంకాస్త. వదిన సంచి చెరిగితే దోసెడు. ఇసుక నేల కదా, చెత్త ఎక్కువ, ఇంకా శ్రద్ధగా చెరగాలి అనుకునేవాడు. ఏటేటా అది ఎక్కువవుతుంటే ఏటేటా ఇంకా శ్రద్ధగా చెరిగాడు. జల్లెడ కన్నంలోంచి దిగిందంతా మట్టే, దాన్ని ఉన్నదున్నట్టు పైకి పంపాలని గోడ మీద నియమం చెబుతూనే ఉంది. అతను ఆ నియమానికి తన శుభ్రాన్ని జోడించి, కర్బనాన్ని కిటికీలోంచి బయటికి ఊదేశాడు. టమాటా మొక్కలకు ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు.

తలకొట్టేసినట్టయింది అతనికి. తప్పు చేశానన్న సిగ్గు ఒక ఎత్తు. అన్న గంపలతో మోసి పరిచినది, వదిన ఇన్నేళ్లు కాపాడుకొచ్చినది, తాను రోజూ తలుపు వేసుకుని పారబోశాడు. ఆ బాధ ఇంకో ఎత్తు. అది తలుచుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. వదిన అది చూసి కంగారు పడింది. ఏమైందని అడిగితే చెప్పాడు. దాచకుండా, తడుముకోకుండా, చిన్నపిల్లాడిలా మొత్తం చెప్పాడు. ఆవిడ విని, చేతిలో ఉన్న సొరకాయని కిటికీ గట్టు మీద పెట్టింది.

"నా నేల ఖాళీగా లేదన్నమాట," అంది.

"లేదు వదినా. నేనే ఖాళీ చేసి పంపాను."

తిడుతుందనుకున్నాడు. ఆవిడ పైకి వెళ్దాం పద అంది.

అతను ముందు మెట్లెక్కాడు. ఇన్నేళ్లుగా శుభ్రానికి మారుపేరని తనకున్న ఏకైక గొప్ప, ఈ మెట్ల పైన దిగిపోతుంది. వయసులో చిన్నదైన ఆఫీసరు ముందు నిలబడి, మీ ఆరేళ్ల పని పాడు చేశానని చెప్పాలి. చెప్పకుండా ఉండొచ్చా అని ఒక్క క్షణం మనసు అటు పోయింది. వెనకాల వదిన చెప్పుల చప్పుడు వినిపించింది. మనసు ఇటు వచ్చేసింది.

డాక్టరమ్మ మొత్తం విన్నది.  తర్వాత కిందికి దిగి, అతని గదిలో నిలబడి, ఏటి ఒడ్డు మట్టి సంచి ఒకటి అతని ముందు పెట్టి, రోజూ చేసినట్టే చెయ్యమంది. అతను చెరిగాడు. చెరగడం వచ్చిన చేతులు కాబట్టి పని జరిగిపోయింది. ఎగిరిన నలుసుల్ని ఆవిడ కాగితం మీద పట్టుకుని, వెలుగులో పెట్టి చూసింది.

"బంకమట్టిలో అయితే కర్బనం మట్టికే అంటుకుపోతుందండీ, మీరు ఎంత ఊదినా కదలదు. ఇసుకకి అలా పట్టుకునే గుణం లేదు. దాని ఆస్తంతా ఈ నలుసులే."

కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం వచ్చింది ఆవిడకి, ముఖం ఎర్రబడింది, అది అతనికి కనిపించింది. కానీ కాసేపటికి ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియనట్టు గది చుట్టూ చూసింది. ఈ తలుపు వేసి ఉన్నప్పుడు లోపల ఏం జరుగుతోందో తాను ఒక్కసారి కూడా వచ్చి చూడలేదంది. శుభ్రంగా ఉన్న మట్టిని చూసి మెచ్చుకుంటూ పోయానంది. ఇద్దరమూ కలిసే చేశాం ఈ పని అని, తర్వాత లేచి, సామాన్ల గది తాళం ఇమ్మంది.

ఆ సామాన్ల గది అంటే జల్లెడాయనకు ఒళ్లు మంట. ముట్టుకోని సగం మట్టి సీసాల్లో పేర్చి ఉండేది అక్కడే. వేళ్లు, రాళ్లు, ఆకు ముక్కలతో ఎలా వచ్చిందో అలా, మురికిగా, దుమ్ము కొట్టుకుని. ఇవి ఎవరికి పనికొస్తాయి, పారేద్దామని అతను ప్రతి ఏడాది చివర అడిగేవాడు. డాక్టరమ్మ ప్రతి ఏడాదీ వద్దనేది. ఇప్పుడు తలుపు తీసి ఆ అరలు చూడగానే, మురికి సీసాల్ని చూసి ఇంత సంతోషించే రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు. మొదటి ఏడాది ఇసుక నుంచి పోయినేటి ఇసుక దాకా అన్నీ ఉన్నాయి. ఒక్కటీ చెక్కు చెదరలేదు.

కమిటీ సమావేశం పీకల మీదకొచ్చింది. ఆ వారమంతా జల్లెడాయన ఆ సీసాల మట్టిని కొత్తగా జల్లిస్తూ, తలుపు బార్లా తీసి పనిచేశాడు. ఫ్యాను తీసుకెళ్లి కాపలా మనిషికి ఇచ్చేశాడు. రాళ్లు ఏరాడు, జల్లెడ మీద మిగిలిన వేళ్లు తీశాడు, అక్కడితో ఆగాడు. ఆగడమే అన్నిటికన్నా కష్టమైంది. జల్లెడ దిగిన మట్టిలో ఒక ఆకు నలుసు కనిపిస్తే పట్టకారు దానంతట అదే లేచేది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని కింద పెట్టేవాడు. మట్టి మాసినట్టు, నలిగినట్టు, ఇంకా పని మిగిలి ఉన్నట్టు కనిపించేది. అలాగే పైకి పంపాడు. ప్రతి పళ్లెం పంపేటప్పుడూ, చిరిగిన చొక్కాతో పెళ్లికి వెళ్తున్నట్టు మొహమాటపడ్డాడు.

పైన ఫర్నేసులో ఆ మట్టి కాల్చారు. కాల్చకముందు బరువు, కాల్చాక బరువు. కాలిపోయింది ఎంతో తెలిస్తే కర్బనం ఎంతో తెలుస్తుంది. అతను మెట్ల మొదట్లో నిలబడి, ఎవరు దిగినా ముఖం చూశాడు. చివరికి డాక్టరమ్మే దిగింది. తెర మీద చూపించడానికి పైకి రమ్మనలేదు. అతని బల్ల మీదే, పరిచిన కాగితం మూల, పెన్సిలుతో మూడు గీతలు గీసింది. మూడోది కూడా లేచింది. నల్ల నేల అంత కాదు, ఎర్ర నేల పక్కన భుజం దగ్గరికి వచ్చింది. కప్పిన మడికీ కప్పని మడికీ తేడా కళ్లకు కట్టినట్టుంది.

"కానీ ఒకటుంది," అంది డాక్టరమ్మ. "ఇది నల్ల నేలలోలా పాతుకుపోయేది కాదు. మనం కప్పడం మానేస్తే రెండు మూడేళ్లలో గాల్లో కలిసిపోతుంది. ఆకు వస్తున్నంతకాలమే ఉంటుంది."

"అయితే లారీ ఆపేస్తే..."

"నల్ల నేలకి ఆపినా కొన్నాళ్లు తట్టుకుంటుంది. ఇసుకకి ఆపకూడదు. నివేదికలో అదే రాస్తున్నాను. మన తప్పు కూడా రాస్తున్నాను, మీకు అభ్యంతరం లేకపోతే."

అతను తల ఊపాడు. రాయండి అన్నాడు. రాయకపోతే, ఇంకెక్కడో ఇంకెవడో తనలాంటి శుభ్రం మనిషి తలుపు వేసుకుని చెరుగుతూనే ఉంటాడు కదా అని తోచింది. ఆ మాట పైకి అనలేదు కానీ, అతనికి ఆ పూట ఆకలి బాగా వేసింది.

కమిటీలో పెద్దగా వాదులాట ఏమీ జరగలేదని తర్వాత తెలిసింది. తప్పు ఒప్పుకుంటున్న నివేదికని అక్కడ ఎవరూ అంతకుముందు చూడలేదట, అందుకే చివరి దాకా చదివారట. లారీల్లో ఎక్కువ భాగం ఏటి ఒడ్డు నేలలకే వేశారు. వదిన ఒక్క పొలానికే కాదు, ఆ పక్కన ఇంకా తవ్వని ఇసుక పొలాలన్నిటికీ. కాంట్రాక్టరు వచ్చినప్పుడు వదిన అతనికి కూడా మజ్జిగ ఇచ్చి, ఇక్కడ గొయ్యికి చోటు లేదని చెప్పి పంపించింది.

మొదటి లారీ బయల్దేరే రోజు పొద్దున జల్లెడాయన పార పట్టుకుని తన కిటికీ కింద నిలబడ్డాడు. టమాటా మొక్కల్ని వేళ్లతో సహా జాగ్రత్తగా పెకలించి బుట్టలో పెట్టాడు. ఆ అడుగున, ఆరేళ్లుగా పోగై, కుళ్లింది కుళ్లగా మిగిలినదాన్ని అడుగంటా గీకి గోనె సంచుల్లో నింపాడు. డాక్టరమ్మ పై నుంచి చూసి, పరీక్ష మళ్లలో మాత్రం ఒక్క చిటికెడు కూడా వెయ్యొద్దని గట్టిగా చెప్పింది. లెక్క చెడిపోతుందట. వెయ్యనని మాటిచ్చాడు.

లారీ ముందు సీట్లో చోటు ఉన్నా ఎక్కలేదు. సంచులు జారిపోతాయని వంక పెట్టి, వెనకాల ఆకుల మీదే కూర్చున్నాడు. డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు. ఇస్త్రీ చొక్కా మీద ఎండుటాకులు, జుట్టులో పుల్లలు. ఎప్పుడూ చేతిరుమాలు పరిచి కూర్చునే మనిషి, ఆ రోజు ఆకుల్లో నడుం దాకా దిగబడి ఏటి ఒడ్డు దాకా వెళ్లాడు.

వదిన సరుగుడు వరస దగ్గర ఎదురొచ్చింది. సంచుల్లో ఏముందని అడగలేదు. మూతి విప్పి చూసి, వాసన పీల్చి, తెలుసుకుంది. ఇద్దరూ కలిసి ఆ తవుడంతా అన్న మొదట నాటిన సరుగుడు చెట్ల మొదళ్లలో పోశారు. టమాటా మొక్కల్ని ఇసుకలో పాతి, చుట్టూ ఆకు కప్పారు. పని అయ్యాక అతను చేతులు దులుపుకోబోయి ఆగి, ఆ మట్టి చేతుల్ని అలాగే ముందు పెట్టుకుని నిలబడ్డాడు.

"మీ అన్న ఉంటే ఇప్పుడు నిన్ను చూసి పడీ పడీ నవ్వేవాడు," అంది వదిన.

"అప్పట్లో నేను నవ్వినదానికి బదులు తీరేది."

ఆవిడ నిజంగానే నవ్వింది. నవ్వుతూ, అతని భుజం మీద అంటుకున్న సరుగుడాకు నలుసు దులపడానికి చెయ్యి ఎత్తింది. అతను ఆ చెయ్యి ఆపాడు.

"ఉండనీ వదినా. ఇంటికి తీసుకెళ్తాను."